కేడెన్‌లైవ్‌లో శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు

ప్రశ్న: ఫెడోరా లినక్స్‌లో కేడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ వాడుతున్నాను. ఫోనుతో తీసిన ఎంపీ4 వీడియోలు తెరిస్తే శబ్దం మాత్రమే వినిపిస్తోంది, బొమ్మ ఉండాల్సిన చోట నలుపే కనిపిస్తోంది. అవే ఫైళ్లు వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా ఆడుతున్నాయి. కేడెన్‌లైవ్ తీసేసి మళ్లీ పెట్టినా ఫలితం లేదు.

జవాబు: తీసి మళ్లీ పెడితే ఒరిగేదేమీ లేదు, ముందు ఫైలు లోపల ఏముందో చూడండి. ఎంపీ4 అన్నది డబ్బా పేరు మాత్రమే, లోపలి బొమ్మ, శబ్దం ఏ పద్ధతిలో కుదించారో అది చెప్పదు. టెర్మినల్‌లో ఎఫ్ఎఫ్‌ప్రోబ్ (ఫైలు వివరాలు చూపే పనిముట్టు) ఆదేశం పక్కన ఫైలు పేరు ఇవ్వండి. 'వీడియో' అని మొదలయ్యే వరుసలో ఏముందో ఇక్కడ రాయండి. మీ వీఎల్‌సీ ఫ్లాట్‌హబ్ (ఫ్లాట్‌పాక్ రూపంలో ప్రోగ్రామ్‌లు దొరికే ఆన్‌లైన్ భాండాగారం) నుంచి వచ్చిందా?

ప్రశ్న అడిగినవారు: అవును, ఫ్లాట్‌హబ్‌దే. వీడియో వరుసలో హెచ్ఈవీసీ అని, శబ్దం వరుసలో ఏఏసీ అని ఉంది.

జవాబు: అయితే చిక్కు దొరికినట్టే. హెచ్ఈవీసీ అంటే హెచ్.265, వీడియోను కుదించే ఒక పద్ధతి. కేడెన్‌లైవ్ వీడియో చదవడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడుతుంది. పేటెంట్ల గొడవ వల్ల ఫెడోరా తనతో ఇచ్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో హెచ్ఈవీసీని విప్పి చూపే భాగం (డీకోడర్) ఉండదు. ఏఏసీకి మాత్రం ఉంది, అందుకే శబ్దం వస్తోంది. ఫ్లాట్‌హబ్ వీఎల్‌సీ తన డీకోడర్లు తానే తెచ్చుకుంటుంది. ఫెడోరా ఇవ్వని ప్యాకేజీలు ఇచ్చే ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ చేర్చి, డీఎన్ఎఫ్ స్వాప్ ఆదేశంతో 'ఎఫ్ఎఫ్ఎంపెగ్-ఫ్రీ' స్థానంలో పూర్తి ఎఫ్ఎఫ్ఎంపెగ్ పెట్టండి. అదంతా ఎందుకనుకుంటే కేడెన్‌లైవ్‌ను ఫ్లాట్‌హబ్ నుంచే తెచ్చుకోండి. ఫెడోరా సొంత ఫ్లాట్‌పాక్ జోలికి మాత్రం వెళ్లకండి, అందులోనూ ఇదే లోటు.

మరొకరు: ఇంత తంటా ఎందుకు, డావిన్చీ రిజాల్వ్ అనే మరో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్‌కు మారిపోండి.

జవాబు: పెనం మీంచి పొయ్యిలోకి! లినక్స్‌లో ఆ ఉచిత వెర్షన్ హెచ్.264, హెచ్.265 రెంటినీ తెరవదు. ప్రతి క్లిప్పునూ ముందు డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ లాంటి ఎడిటింగ్ రూపంలోకి మార్చుకోవాలి, ఆ ఫైళ్లు అసలు వాటికంటే ఎన్నో రెట్లు పెరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు: ఆర్‌పీఎం ఫ్యూజన్‌తో బొమ్మ వచ్చింది, ధన్యవాదాలు. కానీ క్లిప్పు సాగేకొద్దీ పెదవుల కదలికకూ మాటకూ పొత్తు కుదరడం లేదు.

జవాబు: ఇది వేరే జబ్బు. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని బొమ్మలన్న లెక్కను) వెలుతురును బట్టి మారుస్తాయి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌లో మూల రేటు 30 ఉండి, సగటు 29.6 లాగా తేడాగా కనిపిస్తే అదే కారణం. కేడెన్‌లైవ్ కూడా ఇలాంటి క్లిప్పు చేర్చేటప్పుడు ఎడిటింగ్‌కు అనువైన రూపంలోకి మార్చమంటారా అని అడుగుతుంది. సరే అనండి. ఈసారి నుంచి కోతలు మొదలుపెట్టకముందే మార్చుకోండి, తర్వాత మారిస్తే వేసిన కోతలు కొద్దిగా జరుగుతాయి.