ఉస్మానియా గోడ మీద ఎవరి ఫొటో ఉండాలి?

తార్నాక (చర్చ మొదలుపెట్టినవారు):

ఆర్ట్స్ కళాశాలలో చదువుకున్న మా బ్యాచ్ వాళ్లం ఈసారి కలుసుకున్నప్పుడు భోజనాలు చేసి, మెట్ల మీద గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోకుండా, విశ్వవిద్యాలయంలో చదివి పేరు తెచ్చుకున్నవారి ఫొటోలతో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలనుకున్నాం. మాకు దొరికిన హాల్లో ఒక గోడ మీద 24 ఫ్రేములు పడతాయి. పేర్లు రాయడం మొదలుపెట్టిన గంటకే 60 దాటాయి. ఇక తీసేయడం మొదలుపెట్టాం, అక్కడ గొడవ మొదలైంది. ఆ గొడవ పి.వి. నరసింహారావు గారి పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది కనుక నలుగురి అభిప్రాయం తెలుసుకుందామని ఇక్కడ రాస్తున్నాను.

నా ప్రతిపాదన ఒక్కటే. ఉస్మానియా పట్టా ఉన్నవారినే పూర్వ విద్యార్థులుగా లెక్కించాలి. ఆ లెక్కన జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి గారు, ఇక్కడ డాక్టరేట్ చేసి 2003లో రిజర్వు బ్యాంకు గవర్నరు పదవి చేపట్టిన వై.వి. రెడ్డి గారు, ఇక్కడే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి అడోబీ సంస్థకు అధిపతి అయిన శాంతను నారాయణ్, కెమికల్ ఇంజనీరింగ్ చదివి క్రికెట్ వ్యాఖ్యాతగా స్థిరపడిన హర్షా భోగ్లే ఏ ఇబ్బందీ లేకుండా గోడ మీదికి వస్తారు. నిజాం కళాశాలలో కొంతకాలం చదివి 1966లో జాతీయ రక్షణ అకాడమీకి వెళ్లిపోయిన రాకేశ్ శర్మ రారు. పీవీ గారి సంగతి ఇంకా చిక్కు. ఆయన ఉస్మానియాలో బి.ఏ. చేశారని చాలాచోట్ల రాస్తున్నారు. కానీ ఆయన వరంగల్‌లోని ఉస్మానియా కళాశాలలో చదువుతుండగా 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొని బయటికి వెళ్లవలసి వచ్చిందనీ, ఆ తరువాతి చదువు పుణె ఫెర్గూసన్ కళాశాలలోనూ, న్యాయశాస్త్రం నాగపూర్‌లోనూ పూర్తి చేశారనీ ఆయన జీవితాన్ని పట్టించుకుని చదివినవారికి తెలుసు. వెళ్లగొట్టిన విద్యార్థి ప్రధానమంత్రి అయ్యాక ‘మావాడే’ అని చెప్పుకోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. ఆ గౌరవం దక్కవలసింది అప్పుడు చేరదీసిన నాగపూర్‌కు.

విద్యానగర్:

తార్నాక గారూ, మీ ఉద్దేశం మంచిదే కానీ మీ నియమం ఎవరి పక్షాన నిలబడుతోందో చూడండి. ఆ రోజుల్లో హాస్టళ్లలో వందేమాతరం పాడతామని పట్టుబట్టినందుకు వందల మంది విద్యార్థుల పేర్లు కొట్టేశారు. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం సీట్లు ఇచ్చింది. వాళ్లు పరీక్ష తప్పి వెళ్లలేదు, చదువు మీద విరక్తి పుట్టి వెళ్లలేదు. పట్టా లేదు కాబట్టి విద్యార్థి కాడు అని ఇప్పుడు మనం అంటే, 1938లో అధికారులు వేసిన శిక్షనే మళ్లీ వేసినట్టు అవుతుంది. అప్పటి పాలకులు దాన్ని ఎంతకాలం అమలు చేయాలనుకున్నారో తెలియదు గానీ, మీ గోడ మీద మాత్రం అది శాశ్వతమవుతుంది.

ఇంకో సంగతి. పట్టాయే కొలబద్ద అయితే, ఎక్కడో ఊళ్లో ఉండి, దూరవిద్యలో పేరు నమోదు చేసుకుని, పరీక్షల రోజున మాత్రమే హైదరాబాదులో బస్సు దిగిన నేను ఉస్మానియా విద్యార్థిని, హాస్టలు గదిలో నుంచి సామాను బయట పారేయించుకున్న కుర్రవాడు కాదు. నా సంగతి నాకు తెలుసు కనుక చెబుతున్నాను, ఈ లెక్క నాకే ఒప్పడం లేదు.

కోఠి:

నేను కోఠి మహిళా కళాశాలలో చదువుకున్నాను. నా పట్టా మీద ఉస్మానియా ముద్రే ఉంది. అయితే 2022లో మా కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది, తరువాత దానికి చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టారు. సంతోషమే. కానీ పాత రెసిడెన్సీ భవనం ముందు మెట్లకు అటూ ఇటూ కూర్చున్న రాతి సింహాల పక్కన టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్న మేమంతా ఇప్పుడు ఎవరి పూర్వ విద్యార్థులం? ఉస్మానియా వాళ్లు తమ జాబితా రాసేటప్పుడు ‘ఆ కళాశాల ఇప్పుడు వేరు’ అంటారేమో, కొత్త విశ్వవిద్యాలయం వాళ్లు ‘మీ పట్టా మాది కాదు’ అంటారేమో అని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే నవ్వులాట. అది నవ్వులాటగా మిగిలిపోతే మంచిదే.

తార్నాక గారు మొదటి టపాలో చెప్పిన ఆరు పేర్లలో ఒక్క స్త్రీ పేరు కూడా లేదని గమనించారో లేదో. ఉస్మానియాలో తెలుగు చదివి, డాక్టరేట్ చేసి, మా కళాశాలలోనే పాఠాలు చెప్పిన పాకాల యశోదారెడ్డి గారున్నారు. పాలమూరు పలుకుబడిని ఉన్నదున్నట్టు కథల్లోకి తెచ్చిన రచయిత్రి ఆమె. ఉర్దూ కథల్లో అప్పటికి ఎవరూ ముట్టుకోని విషయాలు రాసి తిట్లు తిన్న వాజిదా తబస్సుమ్ కూడా ఉస్మానియాలో చదివినవారే. అడోబీ అధిపతికి ఒక ఫ్రేము ఉన్నప్పుడు వీరికీ ఒకటి ఉండాలి.

మలక్‌పేట:

పట్టా అన్న మాట వచ్చింది కాబట్టి ఒక పట్టా సంగతి చెబుతాను. మా తాతగారి సనద్ మా ఇంట్లో ఇనప్పెట్టెలో అడుగున, పాత పట్టుచీరల కింద, బట్టలో చుట్టి ఉంది. పైనుంచి కింది దాకా ఉర్దూ. మడత పెట్టిన చోట కాగితం నాలుగు ముక్కలు కావడంతో మా నాన్నగారు వెనక పల్చటి గుడ్డ అంటించారు. మా తాతగారు తెలుగువారు, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడేవారు కాదు, అయినా రసాయనశాస్త్రం ఉర్దూలో చదివారు. చనిపోయే ముందు సంవత్సరం కూడా ఆక్సిజన్‌ను ‘ఆక్సిజన్’ అనేవారు గానీ, లెక్క చెప్పవలసి వస్తే నోటికి ఉర్దూ సంఖ్యలే వచ్చేవి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ రాసిన పేర్లన్నీ దాదాపు 1948 తరువాత పేరు పొందినవారివే. 1917లో ఫర్మానా వెలువడి, 1919లో తరగతులు మొదలైనప్పుడు దేశంలో ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన మొదటి విశ్వవిద్యాలయం ఇది. పాఠ్యపుస్తకాలు లేకపోతే వాటిని తర్జుమా చేయించడానికి దారుల్ తర్జుమా అని ఒక సంస్థనే పెట్టారు. ఆ చదువు ఎలాంటివారిని తయారుచేసింది? లెక్కల్లో మొహమ్మద్ రజీయుద్దీన్ సిద్దిఖీ అని ఒకాయన ఇక్కడ డిగ్రీ చేసి, కేంబ్రిడ్జికి వెళ్లి, అటునుంచి జర్మనీలో హైసెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి వచ్చాడు. మొహమ్మద్ హమీదుల్లా ఇక్కడే ఎం.ఏ., న్యాయశాస్త్రం చదివి, యూరపులో డాక్టరేట్లు చేసి, అంతర్జాతీయ న్యాయం మీద రాసి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించాడు. 1948 తరువాత మొదటాయన పాకిస్తాన్ వెళ్లి ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయ్యాడు, రెండో ఆయన హైదరాబాదుకు తిరిగి రాకుండా పారిస్‌లో దశాబ్దాల పాటు ఉండిపోయాడు. వాళ్లకు ఉస్మానియా పట్టా ఉంది. తార్నాక గారి నియమం ప్రకారం ఇద్దరూ గోడ ఎక్కాలి. ఎక్కిస్తారా? మీ 60 పేర్లలో వీళ్లు ఉన్నారా? లేకపోతే ఆ నియమం పట్టాది కాదు, మనకు గుర్తున్నవాళ్లది.

కార్మికుల మధ్య బతికిన ఉర్దూ కవి మఖ్దూమ్ మొహియుద్దీన్ పేరైనా ఉంటుందని ఆశిస్తున్నాను. అలాగే ఉస్మానియా ఒక్క తెలంగాణదే అనుకోవడం కూడా పొరపాటు. పాత హైదరాబాదు రాజ్యంలో మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు ఉండేవి. కేంద్ర హోంమంత్రిగా పనిచేసిన శివరాజ్ పాటిల్ లాతూరు మనిషి, సైన్సు డిగ్రీ ఇక్కడిదే.

తార్నాక:

మలక్‌పేట గారూ, నిజమే, ఆ ఇద్దరి పేర్లూ మా 60లో లేవు. మఖ్దూమ్ పేరుంది. ఇద్దరినీ చేర్చాను. యశోదారెడ్డి గారినీ, వాజిదా తబస్సుమ్‌నూ చేర్చాను. ఆ లోపం నాదే. సినారె గారు ఉర్దూ మాధ్యమంలో చదువుకుని తెలుగు కవి అయ్యారన్న సంగతి మేము ఎప్పుడూ విచిత్రంగా చెప్పుకునేవాళ్లం. మీ తాతగారి సంగతి చదివాక అది అంత విచిత్రం కాదనీ, అప్పటి చదువే అలా ఉండేదనీ అర్థమైంది.

అయినా పట్టా నియమాన్ని పూర్తిగా వదులుకోలేను, ఎందుకంటే అది లేకపోతే దేనికీ అడ్డు ఉండదు. ఒక ఉదాహరణ చెబుతాను. ప్రపంచంలో మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరుగా చెప్పే రూపాబాయి ఫర్దూంజీని ఉస్మానియా పూర్వ విద్యార్థినిగా చెప్పుకోవడం నేను స్వయంగా విన్నాను. ఆమె చదివింది 1880లలో, హైదరాబాద్ వైద్య పాఠశాలలో. విశ్వవిద్యాలయం పుట్టడానికి ముప్పయ్యేళ్ల ముందు మాట అది. ఆ పాఠశాలే తరువాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది గనుక మనదే అంటే, నిజాం కళాశాలలో 1947కు ముందు చదివినవారంతా కూడా మనవాళ్లే అవుతారు. కానీ 1887 నుంచి అప్పటిదాకా ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది, పరీక్షలు పెట్టిందీ పట్టాలు ఇచ్చిందీ మద్రాసే. శ్యామ్ బెనెగల్ చదివేనాటికి ఆ కళాశాల ఉస్మానియాలోకి వచ్చేసింది, ఆయన ఎం.ఏ. ఉస్మానియాదే, ఆయన ఫ్రేము ఆయనకు ఉంది. అటువైపు చూస్తే, వైద్య కళాశాలలు 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాక ఉస్మానియా చేయి దాటిపోయాయి. కాబట్టి హృద్రోగ నిపుణులు కె. శ్రీనాథ్ రెడ్డి గారు మన లెక్కలోకి వస్తారు, నిన్న మొన్న అదే భవనంలో చదివినవారు రారు. తేదీలు పట్టుకుని చూడకపోతే జాబితా అంతా కలగాపులగం అవుతుంది. ఊళ్లో పుట్టిన ప్రతివాడినీ కలుపుకునేవారు కూడా ఉన్నారు. సత్య నాదెళ్ల ఫొటో పెట్టమని ఒకరు అడిగారు. ఆయన ఇంజనీరింగ్ చదివింది మణిపాల్‌లో.

విద్యానగర్:

తేదీల విషయంలో మీతో పేచీ లేదు. పుట్టకముందు ఉన్నవాళ్లను కలుపుకోవడం వేరు, ఉండగా గెంటేసినవాళ్లను వదిలేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే నియమంతో కొట్టకండి. పైగా పీవీ గారిని చోటును బట్టి లెక్క కడితే మరో తమాషా ఉంది. ఆయన చదివిన వరంగల్ కళాశాల 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వెళ్లింది. నాగపూర్ ఒకటి, పుణె ఒకటి, కాకతీయ ఒకటి, మనం ఒకటి. నాలుగు గోడల మీద ఆయన ఫొటో ఉన్నా ఎవరికీ నష్టం లేదు గానీ, ఎవరి ఫ్రేము కింద ఏమి రాస్తారన్నదే అసలు సంగతి.

మాణిక్యేశ్వర్‌నగర్:

ఇంతసేపు చదివాను. ప్రముఖులు అంటే మీ దృష్టిలో పదవులు, పురస్కారాలేనా? 1972 ఏప్రిల్ 14న ఇదే క్యాంపస్‌లో ఇంజనీరింగ్ హాస్టలు దగ్గర పొడిచి చంపేసిన విద్యార్థి నాయకుడు జార్జ్ రెడ్డి భౌతికశాస్త్రంలో పైచదువు చదివినవాడు. పట్టా ఉంది, నియమానికి సరిపోతాడు. అయినా ఇంతవరకు ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. 1969లో తెలంగాణ కోసం తరగతులు వదిలి రోడ్డు మీదికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ సంవత్సరం పరీక్షలే లేవు. వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. ఫ్రేములు 24 అన్నారు కదా, ఒకటి ఖాళీగా వదిలేయండి అని అడగను, అది నాటకంలా ఉంటుంది. జార్జ్ ఫొటో మాత్రం పెట్టండి.

తార్నాక:

జార్జ్ రెడ్డి పేరు మా 60లో ఉంది. రాజకీయం అవుతుందని ఇద్దరు అభ్యంతరం చెబితే పక్కన పెట్టాం. ముఖ్యమంత్రులుగా పనిచేసినవారి ఫొటోలు రాజకీయం కానప్పుడు ఇది ఎలా అవుతుందో నేనూ సమాధానం చెప్పలేకపోతున్నాను. తిరిగి చేరుస్తున్నాను, అభ్యంతరం ఉన్నవారికి నేనే చెప్పుకుంటాను. రాకేశ్ శర్మ విషయంలో మాత్రం మారను. ఆయనను ఎవరూ వెళ్లగొట్టలేదు, ఇష్టపడి ఇంకోచోట చేరారు. ఆ ఇంకోచోటే ఆయనను విమానం ఎక్కించింది.

పీవీ గారి ఫొటో పెట్టడానికి ఒప్పుకుంటున్నాను. విద్యానగర్ గారు అన్నట్టు కింద ఏమి రాయాలన్నదే మిగిలింది. ఇలా రాశాను, చూడండి:

‘పి.వి. నరసింహారావు. వరంగల్‌లోని ఉస్మానియా కళాశాల విద్యార్థి. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొని బహిష్కృతులయ్యారు. పుణె, నాగపూర్‌లలో చదువు పూర్తి చేశారు. 1991 నుంచి 1996 వరకు భారత ప్రధాని.’

కోఠి:

అన్నీ బాగున్నాయి గానీ ‘బహిష్కృతులయ్యారు’ అన్న మాట నాకు నచ్చలేదు. వాన పడింది, ఆయన తడిశారు అన్నట్టు ఉంది. ఎవరు బహిష్కరించారో రాయండి. ప్రదర్శన పెడుతున్నది మన హాల్లోనే కదా.

తార్నాక:

మార్చాను. ‘వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు 1938లో ఈ విశ్వవిద్యాలయం ఆయనను బహిష్కరించింది’ అని పెట్టాను. ఒక పంక్తి పెరిగింది. ఈ ఒక్క ఫ్రేముకు అక్షరాల సైజు తగ్గించమని రేపు అచ్చు వేసే అబ్బాయికి చెప్పాలి.