2 అంగుళాలు లిఫ్ట్ చేసిన బండికి షాక్ అబ్జార్బర్లు: ఏ పొడవువి తీసుకోవాలి?

మట్టిదారి:
అందరికీ నమస్కారం. నాది ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు), నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు ఉన్న బండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ముందు ఓనర్ 2 అంగుళాలు లేపే స్ప్రింగులు వేయించాడు గానీ, షాకులు మాత్రం కంపెనీవే వదిలేశాడని మొన్న కింద దూరి చూస్తే తెలిసింది. తారురోడ్డు మీద పెద్ద ఇబ్బంది లేదు. మట్టి దారిలో గట్టు దిగేటప్పుడు వెనక చక్రం కిందికి వేలాడిందంటే చాలు, టక్‌మని ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు వస్తోంది, ఆ దెబ్బ సీటు దాకా తెలుస్తోంది. వరసగా గతుకులు వస్తే వెనక భాగం రెండు మూడు సార్లు ఊగితే గానీ నిలబడదు. ఎడమ వెనక షాక్ ఒంటి మీద నూనె కారి, దానికి మట్టి అంటుకుని తడి ముద్దలా తయారైంది.

మార్చాలని అర్థమైంది, ఏవి వేయాలో తెలియడం లేదు. "3 నుంచి 4 అంగుళాల లిఫ్ట్‌కి" అని రాసి ఉన్న పొడవాటివి తీసుకుంటే చక్రం ఇంకా కిందికి దిగుతుంది కదా, అవి మేలా? మోనోట్యూబా, ట్విన్ ట్యూబా? ముందు ఇనుప బంపరు, వించ్ ఉన్నాయి. వెనక క్యాంపింగ్ సామాను వేసుకుని వెళ్తుంటాను. గట్టి షాకులు వేస్తే బండి ఇంకాస్త లేస్తుందా? అది కూడా చెప్పండి.

పానాలపెట్టె:
చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. షాకులు బండిని లేపవు. బరువు మోసేది స్ప్రింగు, షాక్ పని ఆ స్ప్రింగు ఊగుడుని ఆపడం. గ్యాస్ ఒత్తిడి ఎక్కువున్న మోనోట్యూబ్ అయితే కొద్దిగా పైకి నెడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మీ టక్ చప్పుడుకి కారణం దాదాపు ఖాయంగా ఇదే: స్ప్రింగు బండిని 50 మి.మీ. లేపింది, అంటే మామూలుగా నిలబడి ఉన్నప్పుడే షాక్ రాడ్డు అంత మేర బయటికి వచ్చేసి ఉంది. ఇక చక్రం కిందికి వేలాడటానికి మిగిలింది కొంచెమే. అది అయిపోగానే లోపలి పిస్టన్ వెళ్లి పై సీలు ఉన్న చోట గుద్దుకుంటోంది. అలా గుద్దుకుని గుద్దుకునే సీలు పోయి నూనె కారుతోంది అనుకుంటున్నాను.

అలాగని పొడవాటివి తెచ్చి బిగించేయకండి, దయచేసి. ఈ పొరపాటు నేను చేశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. పొడవాటి షాక్ విప్పుకున్నప్పుడు ఎంత పొడవో, మూసుకున్నప్పుడు కూడా దానికి తగ్గట్టు పొడవే. నేను వేసినవి బంప్ స్టాప్ రబ్బరు (యాక్సిల్ పైకొచ్చి ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపేది) పూర్తిగా నలగకముందే లోపల మూసుకుపోయేవి. ఒక రాళ్ల దారిలో పెద్ద దెబ్బ తగిలింది, ఆ దెబ్బంతా రబ్బరుకి బదులు షాకే తిన్నది, పైన షాక్ బిగించే బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలింది. షాక్ ఎప్పుడూ బంప్ స్టాప్ పని చేయకూడదు.

డబ్బా మీద రాసిన లిఫ్ట్ అంగుళాలు ఒక అంచనా మాత్రమే. మీ బండి కొలతలు మీరే తీయాలి. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, యాక్సిల్ కింద జాకీ ఆనించి, వెనక షాకుల కింది బోల్టులు తీసేయండి. జాకీని మెల్లగా దించుతూ ఎక్కడ ఆగాలో చూడండి. బ్రేక్ హోసు బిగుసుకుంటోందా, ఏబీఎస్ వైరు లాగుతోందా, స్ప్రింగు సీటులో వదులవుతోందా? వీటిలో ఏది ముందొస్తే అక్కడ పై కన్ను (షాక్ చివర బోల్టు దూరే రింగు) మధ్య నుంచి, యాక్సిల్ మీద కింది కన్ను కూర్చునే చోటు మధ్యకి టేపు పెట్టి కొలవండి, కొత్త షాక్ పూర్తి పొడవు దానికి తక్కువే ఉండాలి. తర్వాత స్ప్రింగులు తీసి, యాక్సిల్‌ని బంప్ స్టాప్‌కి ఆనించి, బండి స్టాండు మీద నుంచి లేవబోయే దాకా జాకీ ఎత్తి మళ్లీ కొలవండి. అసలు దెబ్బలో రబ్బరు ఇంకా నలుగుతుంది కాబట్టి, మూసుకున్న షాక్ పొడవు ఈ కొలత కన్నా కనీసం 12 మి.మీ. తక్కువ ఉండాలి, 20 ఉంటే ఇంకా నయం. బండి నేల మీద మామూలుగా నిలబడ్డప్పటి కొలత మూడోది. ఒక చక్రం పైకి, రెండోది కిందికి పోయిన భంగిమలో కూడా ఒకసారి చూడండి, రాళ్ల మీద యాక్సిల్ సమంగా ఎప్పుడూ ఉండదు. కింద దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్ముకోవద్దు.

కొండవాలు:
పొడవు గురించి పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను లోపలి సంగతి చెప్తాను.

ట్విన్ ట్యూబ్ అంటే గొట్టంలో గొట్టం. పని లోపలి దానిలో జరుగుతుంది, బయటి దానిలో మిగులు నూనె, తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటాయి. బయట రాయి తగిలి సొట్ట పడినా లోపల పిస్టన్ కదులుతూనే ఉంటుంది, రాళ్ల దారిలో ఇది చాలా పెద్ద మేలు. కానీ గంటల తరబడి గతుకుల మీద వేగంగా పోతే నూనె వేడెక్కి పల్చబడుతుంది, గ్యాస్ కలిసి నురగ కడుతుంది, అప్పుడు బండి పడవలా ఊగడం మొదలుపెడుతుంది. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం, నూనెకీ గ్యాస్‌కీ మధ్య తేలే పిస్టన్ అడ్డం ఉంటుంది, అందుకే నురగ బెడద తక్కువ. గొట్టానికి నేరుగా గాలి తగులుతుంది కాబట్టి వేడి కూడా త్వరగా పోతుంది. సొట్ట పడిందంటే మాత్రం పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. ఇదేమీ నిన్నా మొన్నా వచ్చిన సరుకు కాదు, బిల్‌స్టైన్ మోనోట్యూబ్ షాకులు 1957లోనే మెర్సిడెస్ బెంజ్ కార్లలో వచ్చాయి.

ఇప్పుడు దొరికేవాటిలో బిల్‌స్టైన్ 5100 మోనోట్యూబ్, ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ ట్విన్ ట్యూబ్. రాంచో 9000లో 9 మెట్ల నాబ్ ఉంటుంది, సామాను ఉన్న రోజు ఒకలా, లేని రోజు ఒకలా తిప్పుకోవచ్చు. ఫాక్స్ పేర్లలో 2.0, 2.5 చూసి లిఫ్ట్ అంగుళాలు అనుకునేవాళ్లని చాలామందిని చూశాను, అవి షాక్ ఒంటి వ్యాసం.

వీటన్నిటికన్నా ముఖ్యం వాల్వింగ్, అంటే షాక్ లోపల నూనె కదలికని ఎంత గట్టిగా అడ్డుకోవాలో తేల్చే అమరిక. నొక్కుకున్న గట్టి స్ప్రింగు తిరిగి గట్టిగా తన్నుతుంది, ఆ తన్నుని పట్టుకునేది రీబౌండ్, అంటే షాక్ విప్పుకునేటప్పుడు ఇచ్చే అడ్డు. పాత షాకులు మెత్తటి కంపెనీ స్ప్రింగులకి తగ్గట్టు చేసినవి, మీ వెనక భాగం ఊగడానికి కారుతున్న నూనెతో పాటు అది కూడా కారణం. అలాగని రీబౌండ్ మరీ గట్టిదైతే, వరస గతుకుల మీద చక్రం కిందికి దిగేలోపే ఇంకో గతుకు వచ్చేస్తుంది, బండి మెల్లగా కుంగిపోయి రాయిలా కొట్టుకుంటుంది. అందుకని కొనేముందు బండి బరువు నిజంగా తూయించండి, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత, సామాను ఉన్నప్పుడు ఎంత. ఆ అంకెలతో అడిగితే తయారీదారు చెప్పే జవాబే వేరుగా ఉంటుంది.

మట్టిదారి:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న మా బావని సాయం పెట్టుకుని వెనక వైపు కొలిచాను. నేల మీద నిలబడ్డప్పుడు 484 మి.మీ. బంప్ స్టాప్ నలిగాక 358. దించుతూ పోతే 585 దగ్గర స్ప్రింగు చేత్తో తిరిగేంత వదులైంది, 600 దగ్గర బ్రేక్ హోసు తీగలా బిగిసింది. ఇప్పుడున్న షాక్ విప్పితే 540, మూస్తే 335.

అంటే కిందికి 56 మి.మీ. మాత్రమే ఉన్నట్టు. నేను ఆశపడ్డ పొడవాటిది 640, మూస్తే 385. ఇంకొకటి 572, మూస్తే 343.

పానాలపెట్టె:
640ది పక్కన పెట్టేయండి. బంప్ స్టాప్ 358 దాకా రానిస్తుంటే అది 385 దగ్గరే మూసుకుపోతుంది, 27 మి.మీ. ముందే. పైగా కిందికి వేలాడితే హోసు తెగుతుంది, స్ప్రింగు జారి బయటికొస్తుంది. 572ది సరిగ్గా కూర్చుంటుంది: పైన 15 మి.మీ. ఖాళీ, కింద స్ప్రింగు వదులయ్యే చోటుకి 13 ముందే ఆగుతుంది, వేలాడటానికి 56కి బదులు 88 వస్తుంది. ముందు వైపు కూడా విడిగా కొలవండి, వెనక లెక్క ముందుకి పనికిరాదు. కారేది ఒక్కటే అయినా ఒక ఇరుసు మీద రెండూ కలిపే మార్చండి.

కొండవాలు:
రాళ్ల దారుల్లో మెల్లగా పోయే బండికి నేనైతే మంచి ట్విన్ ట్యూబే వేస్తాను. బిగించేటప్పుడు ఒక మాట. కన్ను బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించొద్దు, నేల మీదకి దించి బరువు పడ్డాకే బిగించండి, లేకపోతే లోపలి రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. ఆనక ఒక సన్నటి ప్లాస్టిక్ టై తీసుకుని షాక్ రాడ్డు చుట్టూ వదులు లేకుండా కట్టి, కిందికి జరిపి ఒంటికి ఆనించండి. రాడ్డు మీద బూటు (దుమ్ము పడకుండా వేసే తొడుగు) ఉంటే పైకి తీసి కట్టాలి. మీ మామూలు దారిలో ఒకసారి తిరిగొచ్చాక ఆ టై ఎక్కడ ఆగిందో చూడండి, షాక్ ఎంత మేర మూసుకుందో రాడ్డు మీదే కనిపిస్తుంది.

మట్టిదారి:
572 పొడవున్న ట్విన్ ట్యూబే ఖాయం చేశాను. ముందు వైపు కొలతలు తీసి, బండి తూయించాక ఆ అంకెలు ఇక్కడే పెడతాను. టై కట్టిన ఫోటో కూడా.