మతిమరుపు వచ్చాక కొత్త అలవాటు నేర్పించవచ్చా?

నమస్కారమండి. మా అమ్మకు ఎమ్మారై తీస్తే హిప్పోకాంపస్ (మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగం) కుంచించుకుపోయిందన్నారు. పొద్దున తిన్న ఇడ్లీ పదింటికే గుర్తుండదు, "ఇంకా టిఫిన్ పెట్టలేదేంటే?" అంటుంది. వాకిట్లో చుక్కల ముగ్గు మాత్రం ఒక్క గీత తప్పకుండా వేస్తుంది. ఇలాంటి చేతి అలవాట్లను మెదడు లోపల ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగాలు, చిన్నమెదడు చూసుకుంటాయని చదివాను. 1953లో ఆపరేషన్‌లో రెండు వైపులా హిప్పోకాంపస్ చాలావరకు కోల్పోయిన మూర్ఛ రోగి హెన్రీ మొలైసన్ కూడా, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకీ మెరుగుపరుచుకున్నాడట, నిన్న గీసిన సంగతే గుర్తులేకపోయినా! అది చదివాక చాలా ఆశ కలిగింది.

అమ్మ చేత రోజూ ఒకే చోట, ఒకే వేళకు మాత్రల డబ్బా తీయిస్తే చేతికి అలవాటవుతుందా? తప్పు చేశాక సరిదిద్దాలా, లేక తప్పు జరగకుండా ముందే చేయి పట్టి చేయించాలా? ఇంట్లో ఇలాంటివాళ్లను చూసుకున్నవాళ్లు, థెరపిస్టులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.