రాత్రి ఎనిమిదిన్నరకి నా వీణ క్లాసు ఆగుతోంది, వాళ్ల సినిమా మాత్రం ఆగట్లేదు. ఇది నెట్ న్యూట్రాలిటీకి, అంటే నెట్ కంపెనీ అన్ని సైట్లనీ యాప్‌లనీ సమానంగా చూడాలన్న నియమానికి, విరుద్ధం కాదా?

వీణ టీచర్, అమలాపురం

నమస్కారమండి. శని, ఆదివారాలు రాత్రి ఎనిమిదిన్నరకి డాలస్‌లో ఉన్న నలుగురు పిల్లలకి ఆన్‌లైన్‌లో వీణ చెప్తాను. వాళ్లకి అప్పుడు పొద్దున పది. రెండు నెలల నుంచి ఆ గంట నాకు ఏడుపొస్తోంది. మాయామాళవగౌళలో జంట వరసలు జరుగుతున్నాయి. రిషభం మీద తీగ ఊపితే అవతలి పిల్లకి మొదటి మీటు వినిపించి, ఊపు మొత్తం పోతోంది. కాసేపటికి బొమ్మ కూడా నిలిచిపోతుంది. "టీచర్, మీరు ఆగిపోయారు" అంటుంది. నేనెక్కడ ఆగానండి, నా వేలు ఇంకా తీగ మీదే ఉంది!

అదే టైంకి పక్కగదిలో మా అత్తగారు, నెట్ వాళ్లు ప్లాన్‌తో పాటు ఇచ్చిన యాప్‌లో సినిమా చూస్తుంటారు. ఒక్కసారి కూడా గిర్రున తిరగదు. నా ప్లాన్ 100, స్పీడ్ టెస్ట్ పెడితే 92 చూపిస్తోంది. ఆఫీసుకి ఫోన్ చేస్తే "లైన్ బాగానే ఉంది మేడం, పెద్ద ప్లాన్ తీసుకోండి" అంటున్నారు. వాళ్ల యాప్‌కి దారిచ్చి నా క్లాసుని పక్కకి తోస్తున్నారని నా అనుమానం. ఎవరికి చెప్పుకోవాలి?

నైట్ షిఫ్ట్ ఇంజనీర్, హైదరాబాద్

టీచర్ గారూ, నేను ఒక నెట్ కంపెనీ కంట్రోల్ రూంలో పనిచేస్తాను. మీ అనుమానం నిజం కావచ్చు, కానీ ఇంతవరకూ చెప్పినదాంతో అది తేలదు. పెద్ద యాప్‌ల సినిమాలు ఎక్కడో అమెరికా నుంచి రావు. కాపీలు నెట్ కంపెనీ దగ్గరే సర్వర్లలో పెట్టి ఉంచుతారు. పైగా సినిమా కొంత ముందే దింపుకుంటుంది, మధ్యలో లైన్ తడబడినా మీ అత్తగారికి తెలియదు. మీ వీణ అప్పటికప్పుడు సముద్రం దాటాలి. ఇలా దగ్గర్లో కాపీలు పెట్టుకోవడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నవంబర్ సిఫార్సుల్లోనే నెట్ న్యూట్రాలిటీ నియమాల పరిధి నుంచి తప్పించింది.

మీకొచ్చిన 92 డౌన్‌లోడ్. పాఠం చెప్పేది మీరు కాబట్టి చూడాల్సింది అప్‌లోడ్. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి వైరుతో కలిపి, టెస్ట్‌లో డాలస్ సర్వర్ ఎంచుకుని, పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకి ఒకసారి వారం పాటు రాసుకోండి. తర్వాత ఒక క్లాసు వీపీఎన్ (మీరేం వాడుతున్నారో నెట్ కంపెనీకి కనపడకుండా వేరే సర్వర్ మీదుగా పంపేది) పెట్టి తీసుకోండి. దాంతో బాగుపడినా దొంగ దొరికాడని అనుకోకండి, వీపీఎన్ దారినే మార్చేస్తుంది. మిగతావన్నీ రాత్రిపూట బాగుండి వీడియో కాల్ ఒక్కటే రోజూ నలుగుతుంటే అప్పుడు గట్టిగా అడగొచ్చు.

కంప్యూటర్ సార్, జనగామ

లైన్ సంగతి ఎట్ల తేలినా, ఆ నియమాలు ఉత్తగ రాలేదు. 2015 ఫిబ్రవరిల ఫేస్‌బుక్ వాళ్ల ఇంటర్నెట్.ఆర్గ్ మన దేశంల ఆరు రాష్ట్రాల్ల మొదలైంది, మన రెండు రాష్ట్రాలు అందుల ఉన్నయి. జాబితాల ఉన్న సైట్లు ఉచితం, బయటికి పోతే పైసలు. పేదోళ్లకు ఏదో ఒకటి అందుతది గదా అని మా ఇంట్లనే వాదించినోళ్లు ఉన్నరు. నాకు మాత్రం జాబితా ఎవరు రాస్తరన్నదే మనసుల గుచ్చుకున్నది. రేపు నా శిష్యుడు ఒక తెలుగు సైటు పెడితే, దానికి ఎవరి దగ్గర చెయ్యి చాపాలె? అప్పుడు డిగ్రీల ఉన్న. నెట్ సెంటర్ల కూసొని ట్రాయ్‌కి మెయిల్ రాసిన. అసొంటివి పది లక్షలకు పైనే పోయినయి.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, చూసే సైటును బట్టి డేటా ధర మార్చొద్దన్నది. తప్పితే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగ 50 లక్షల జరిమానా. ఆపుడు, నెమ్మది చేసుడు, కొందరికే ముందు దారి ఇచ్చుడు కుదరదని 2018ల లైసెన్సు షరతుల్లకు ఎక్కింది. మీకు పనికొచ్చేది ఇదే మేడం. యాప్ చందా ప్లాన్‌ల కలిపి ఇచ్చుడు వేరే ముచ్చట.

ఫ్రిస్కో నాన్న, టెక్సాస్

మాకిక్కడ ఆ రక్షణ నిలవలేదండి. 2015లో పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్లీ తెచ్చారు, 2025 జనవరి 2న అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియాలో ఉన్న మా అన్నకి రాష్ట్ర చట్టం ఉంది, నాకు లేదు. మీకున్నదాన్ని వదులుకోకండి.

ఇంకొకటి. మా అమ్మాయి వయొలిన్ క్లాసులోనూ సాగే నాదం మాయమయ్యేది. యాప్ దాన్ని చప్పుడనుకుని తీసేస్తోంది! ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ పెట్టి చూడండి.

వీణ టీచర్, అమలాపురం

ఫ్రిస్కో నాన్నగారూ, మీకు ఎంతో రుణపడ్డాను. అది పెట్టగానే రిషభం ఊపు పిల్లకి వినిపించింది. నేను నెట్ వాళ్లని అన్న మాటల్లో సగం ఇక్కడితో వెనక్కి తీసుకుంటున్నాను.

మిగతా సగం తీసుకోను. వారం రోజుల లెక్క నోటుబుక్కులో ఉంది. అప్‌లోడ్ పొద్దున 38, 40. రాత్రి ఎనిమిదిన్నరకి 3, ఒక రోజు 1. ఆ టైంకి దగ్గర సర్వర్ పెట్టినా అంతే, వీపీఎన్ పెట్టినా అంతే. కాబట్టి నా క్లాసునొక్కదాన్నే తొక్కడం లేదు, వీధి మొత్తానికీ ఇదే గతి. లైన్ చూడటానికి వచ్చిన కుర్రాడు స్తంభం మీది డబ్బా చూపించి "సంక్రాంతి తర్వాత దీనికి చాలా ఇళ్లు కలిపామండి" అన్నాడు. ఇది న్యూట్రాలిటీ గొడవ కాదు, డబ్బు తీసుకుని సరుకు ఇవ్వకపోవడం.

ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. విడివిడి ఫిర్యాదులు ట్రాయ్ తీసుకోదట, కంపెనీలోనే అప్పీలు అధికారికి రాయాలట. బిల్లులో ఆ చిరునామా కనపడలేదు. ఎక్కడ వెతకాలో ఎవరైనా చెప్పండి, శనివారం లోపు పంపేస్తాను.