కారు నిండా తెల్ల పెయింట్ తుంపర్లు, గీతలు పడకుండా తీసే దారుందా?

నిజాంపేట నీలికారు:

అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో పోయిన నెల బాల్కనీ గ్రిల్స్‌కి పెయింట్ వేయించారు. బ్రష్‌తో వేస్తారనుకున్నాం, వాళ్లేమో కంప్రెసర్ తెచ్చి గన్‌తో కొట్టేశారు. నా కారు కింద ఓపెన్ పార్కింగ్‌లో ఉంది, నేనేమో పెళ్లికని ఖమ్మం వెళ్లి మూడు రోజులకి వచ్చా. ముదురు నీలం రంగు, నాలుగేళ్ల బండి, ఇప్పటిదాకా ఒక్క గీత లేదు (సరే, ఒకటి పడింది, వెనక బంపర్ మీద, మా బావమరిది పుణ్యం, దానికి అప్పుడే బయట పెయింట్ కొట్టించా). దూరం నుంచి చూస్తే దుమ్ము అనిపిస్తుంది, దగ్గరికొస్తే ఇడ్లీ రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. బానెట్, రూఫ్, ఎడమవైపు డోర్లు, అద్దాలు, ఒక హెడ్‌లైట్, అన్నిటి మీదా ఉన్నాయి.

రెండుసార్లు షాంపూతో కడిగా, ఒక్క చుక్క కదల్లేదు. గోరుతో గీకితే వస్తోంది, కానీ వేలల్లో ఉన్నాయి, ఎన్నని గీకను? వాచ్‌మన్ కిరోసిన్ గుడ్డ పట్టుకొచ్చాడు, ఆపేశా. మా వీధి చివర టింకరింగ్ షాపాయన చూసి "ఇది పోదు సార్, నాలుగు ప్యానెల్స్ మళ్లీ కొట్టాల్సిందే, ఒక్కోటి 4 వేలు" అన్నాడు. డీటెయిలింగ్ (కారుని శుభ్రం చేసి పాలిష్ పట్టే) వాళ్లు బండి చూడకుండా ఫోన్‌లోనే 9 వేలు చెప్పారు. అసోసియేషన్ వాళ్లనడిగితే "గాలి మన చేతిలో ఉంటుందా అండీ" అంటున్నారు. ఇంట్లోనే తీసుకునే పద్ధతేమైనా ఉందా? ఇలాంటిది చేసినవాళ్లు చెప్పండి, యూట్యూబ్ చూసి టెన్షన్ ఇంకా పెరిగింది.

స్పీడ్‌బ్రేకర్:

బ్రో, థిన్నర్ గుడ్డకి తడిపి తుడిచెయ్, 10 నిమిషాల పని. నా స్కూటర్‌కి అలాగే చేశా.

ఆటోనగర్ అన్న:

థిన్నర్ అన్న తమ్ముడూ, ఆ స్కూటర్‌ని ఎండలో నిలబెట్టి ఒక ఫొటో తీసి పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

నీలికారు గారూ, నేను బెజవాడ ఆటోనగర్‌లో 14 ఏళ్లుగా కార్లకి పెయింట్ పనే చేస్తున్నాను. ముందు ఒక మాట, రీపెయింట్ చేయించకండి. కంపెనీ పెయింట్‌ని ఫ్యాక్టరీలో సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బండి తయారయ్యాక వైర్లు, ప్లాస్టిక్, సీట్లు అన్నీ ఉంటాయి కాబట్టి మా షాపుల్లో బూత్ ఉన్నా 60, 70 దాటించం. అంత గట్టి పెయింట్‌ని చేజేతులా రుద్దేయించుకుని దాని మీద మా పెయింట్ కొట్టించుకోవడం నష్టమే, నా వ్యాపారానికి మంచిదైనా సరే చెబుతున్నా.

మీకు కలిసొచ్చిన విషయం ఇంకోటుంది. గన్‌లోంచి వచ్చిన తుంపర గాల్లో రెండు మూడు అంతస్తులు దిగేలోపు సగం ఆరిపోతుంది. తడిగా పడితే పాకి అతుక్కుంటుంది, సగం ఆరి పడితే పైన కూర్చుంటుందంతే. గోరుకి ఊడుతోందన్నారు కదా, అంటే అది పైన కూర్చున్న రకమే.

ఇప్పుడు చేయాల్సిన మొదటి పని కారు దగ్గర కాదు, వాచ్‌మన్ దగ్గర. ఖాళీ డబ్బాలు పారేయడు, నీళ్లకో మొక్కలకో దాచుకుంటాడు. డబ్బా మీద ఏం రాసుందో చూడండి. గ్రిల్స్‌కి మామూలుగా సింథటిక్ ఎనామెల్ వేస్తారు, అది మినరల్ టర్పెంటైన్‌కి మెత్తబడుతుంది. గోడలకి వేసే ఎమల్షన్ అయితే నీళ్ల పెయింట్, సర్జికల్ స్పిరిట్‌కే లొంగుతుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయురెథేన్) అయితే మాత్రం గట్టిపడ్డాక ఏ ద్రావకానికీ సరిగా లొంగదు, క్లే ఒక్కటే దారి.

క్లే అంటే క్లే బార్, పిల్లలు ఆడుకునే మట్టిముద్దలా ఉంటుంది, ఆన్‌లైన్‌లో, కార్ యాక్సెసరీస్ షాపుల్లో దొరుకుతుంది. ఫైన్ గ్రేడ్ తీసుకోండి, హెవీ గ్రేడ్ జోలికి ముందే వెళ్లొద్దు. బండిని నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు బాగా కడిగి, తడి ఆరకముందే మొదలుపెట్టండి. బకెట్ నీళ్లలో మూత నిండా కార్ షాంపూ కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకోండి. గారె సైజు ముక్క తుంచి బిళ్లలా నొక్కి, రెండడుగుల మేర తడిపి, ముందుకీ వెనక్కీ జరపండి, గుండ్రంగా తిప్పొద్దు. బరువు వేయొద్దు. మొదట చర్రుమని గరుకు తెలుస్తుంది, కాసేపటికి చెయ్యి జారిపోతుంది, ఆ చోటు అయిపోయినట్టే. ముక్క తెల్లబడగానే పూరీ పిండిలా మడిచి పిసికి కొత్త వైపు తిప్పుకోండి. కింద పడితే ఎంత కొత్త ముక్కైనా పారేయండి, దానికంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు.

క్లేకి రాని మొండి చుక్కలకి మాత్రమే టర్పెంటైన్. మైక్రోఫైబర్ గుడ్డ మూలకి కొంచెం అద్ది, ముందు డోర్ తెరిచి లోపలి అంచు మీద పరీక్షించండి, గుడ్డకి నీలం అంటకపోతే బయట చేయండి, అర నిమిషంలో షాంపూ నీళ్లతో కడిగేయండి. బయట పెయింట్ కొట్టించిన బంపర్ మీద అసలు వాడొద్దు, అప్పుడు ఏ పెయింట్ కొట్టారో మీకూ తెలీదు, నాకూ తెలీదు. హెడ్‌లైట్ పాలికార్బొనేట్, థిన్నర్ తగిలితే సన్న పగుళ్లు పట్టేస్తుంది, దానికి క్లే తప్ప ఏదీ వద్దు. కిరోసిన్ వల్ల వచ్చే ప్రమాదం పెద్దగా లేదు, వాచ్‌మన్ గుడ్డలో ఉన్న మట్టి వల్లే ప్రమాదం.

రైలుకట్ట:

అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నాదో చిన్న అనుభవం. నా తెల్ల కారుని రోజూ రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో పెడతాను, దాని మీద సన్నటి నారింజ చుక్కలొస్తే పెయింట్ తుంపర్లే అనుకుని టర్పెంటైన్‌తో రుద్దీ రుద్దీ అలిసిపోయా. తీరా చూస్తే అవి ఇనుప రజను, రైలు చక్రాలూ బ్రేకులూ రాసుకున్నప్పుడు లేచి కారు మీద పడి అక్కడే తుప్పు పడుతుందట. దానికి ఐరన్ రిమూవర్ అని వేరే ఉంటుంది, కొడితే ఊదారంగులోకి మారి కారిపోతుంది. నీలికారు అన్నా, నీది పెయింటే, డౌట్ లేదు, వేరేవాళ్లు చదువుతారని రాస్తున్నా.

ఇంకోటి, చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని కడిగిన బానెట్ మీద నిమిరి చూడండి. కంటికి కనపడని గరుకు కూడా వేళ్లకి తెలుస్తుంది. క్లేకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. మా ఆవిడకి చూపిస్తే "ఇంత దీక్షగా ఎప్పుడైనా నా గాజులు తుడిచారా" అంది.

విశాఖ వనజ:

డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నా, ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని. కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే క్లెయిమ్‌కి అడగొచ్చు, కానీ తొందరపడకండి. క్లెయిమ్ చేయని ఏడాది తర్వాత 20 శాతం, ఆ తర్వాత వరసగా 25, 35, 45, 50, ఇలా ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండి నష్టానికి కట్టే భాగంలో, నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు పెరుగుతూ వస్తుంది. ఒక్క క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్‌కి అది సున్నా. మీరు ఆ బంపర్‌కి క్లెయిమ్ పెట్టకుండా ఉంటే ఇప్పుడు 35లోనో 45లోనో ఉంటారు. క్లే బార్‌తో పోయేదానికి అది పోగొట్టుకోవడం దండగ.

గాలి మన చేతిలో లేదు, నిజమే, కానీ గన్ పెయింటర్ చేతిలోనే ఉంది కదండీ. కింద కార్లున్నాయని తెలిసి కవర్లు కప్పకుండా, వాటిని తీయమని నోటీసు పెట్టకుండా కొట్టడం కాంట్రాక్టర్ తప్పే. ఇప్పుడే ఏదీ తుడవకముందు తేదీతో ఫొటోలు తీయండి, ఆ డీటెయిలింగ్ కొటేషన్ కాగితం మీద తీసుకోండి, అసోసియేషన్‌కి లెటర్ ఇచ్చి రిసీవ్డ్ కాపీ ఉంచుకోండి. ముఖ్యంగా కాంట్రాక్టర్‌కి ఫైనల్ బిల్లు ఇచ్చేశారా లేదా కనుక్కోండి. ఇవ్వకపోతే మీ మాటకి బలం ఉంటుంది, ఇచ్చేస్తే ఇక చుట్టూ తిరగడమే.

నిజాంపేట నీలికారు:

రెండు ఆదివారాలు పట్టింది, అప్‌డేట్ ఇస్తున్నా.

డబ్బా దొరికింది. వాచ్‌మన్ వాళ్లావిడ అందులో తులసి మొక్క వేసేసింది, తిప్పి చూస్తే సింథటిక్ ఎనామెల్ అనే ఉంది. మొదటి ఆదివారం పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి, ఎండ వచ్చేలోపు బానెట్, రూఫ్‌లో సగం చేశా. నూటికి తొంభై చుక్కలు క్లేకే వచ్చేశాయి, నిజంగా నమ్మలేకపోయా. రూఫ్ మీద వరసగా పెద్ద చుక్కలు కొన్ని ఉన్నాయి, గన్ ఆపి మళ్లీ కొట్టినప్పుడు కారినవేమో, వాటికి టర్పెంటైన్ వాడాల్సి వచ్చింది. గుడ్డకి నీలం అంటలేదు. అద్దాలకి కొత్త బ్లేడు సబ్బునీళ్లలో తడిపి పల్చగా వాల్చి గీకాను, అదే అన్నిటికన్నా తేలిక.

తప్పు కూడా చేశా. ఎడమ డోర్ దగ్గర క్లే జారి కిందపడింది, చివరి ముక్క కదా అని కడిగి మళ్లీ వాడాను. జానెడు పొడవున సన్నగీతలు మూడు పడ్డాయి. అన్నా, మీరు చెప్పారు, నేను వినలేదు. ఇప్పుడు బానెట్ మీద ఎండలో చూస్తే కొంచెం మసకగా కూడా ఉంది, ఏం చేయాలి?

ఆటోనగర్ అన్న:

మసక మామూలే, క్లే చేస్తే ముదురు రంగు మీద అంతో ఇంతో వస్తుంది. మెత్తటి ఫినిషింగ్ పాలిష్ చేత్తో రుద్ది, తర్వాత వ్యాక్స్ వేయండి, క్లేకి పాత వ్యాక్స్ అంతా పోయుంటుంది. ఆ మూడు గీతలు గోరుకి తగులుతున్నాయా? తగలకపోతే పాలిష్‌తోనే పోతాయి. తగిలితే వదిలేయండి. మొత్తం పెయింట్ మందమే 100, 120 మైక్రాన్లు, అందులో పైన ఉండే క్లియర్ (రంగు లేని మెరుపు పూత) 40 చిల్లర, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. వాటికోసం రబ్బింగ్ కాంపౌండ్‌తో మెషిన్ పట్టించి అది కూడా అరగదీసుకుంటారా?

నిజాంపేట నీలికారు:

తగలట్లేదు అన్నా, బతికించారు. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ మీద ఇంకా కొన్ని చుక్కలున్నాయి, పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి మెల్లగా తీస్తున్నా.

వనజ గారూ, ఫైనల్ బిల్లు ఇంకా ఇవ్వలేదు. కొటేషన్ చూపిస్తే కాంట్రాక్టర్ 2 వేలకి దిగాడు. క్లే, షాంపూ, పాలిష్, గుడ్డలు అన్నీ కలిపి నాకు 1,700 అయింది, ఒప్పేసుకున్నా. అన్నట్టు, వచ్చే వారం మెట్ల రెయిలింగ్ పని ఉందట. కంప్రెసర్ అప్పుడే గేటు దగ్గర దింపారు, నేను కారు తీసుకెళ్లి మా అక్క వాళ్లింట్లో పెట్టొచ్చా.

స్పీడ్‌బ్రేకర్:

ఆ క్లే ఎక్కడ కొన్నావ్ బ్రో, లింక్ పెట్టు. స్కూటర్‌కి కావాలి.

ఆటోనగర్ అన్న:

స్కూటర్‌కి ఇక క్లే కాదు తమ్ముడూ, బెజవాడ వచ్చెయ్, పెయింటే కొడదాం.