సూపర్ మార్కెట్ తగ్గింపుల్లో మనకు నిజంగా మిగిలేదెంత?

వంటింటి_లెక్క (నిజాంపేట, హైదరాబాద్)

మా ఇంట్లో నలుగురం. నెల సరుకులు దగ్గర్లోని పెద్ద సూపర్ మార్కెట్ నుంచే తెస్తాం. బిల్లు చివర "మీరు ఆదా చేసింది ₹1,164" అని లావు అక్షరాల్లో వస్తుంది. మా వారు అది చూసి సంతోషపడతారు. నాకు మాత్రం నెలాఖరుకి ఆ డబ్బు ఎక్కడా కనిపించదు.

మొన్న ఆ బిల్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. స్టోర్ సొంత ప్యాకింగ్ మినపగుళ్ళు కిలో ఎమ్మార్పీ ₹230, ఆఫర్లో ₹149. అంటే "ఆదా"లో ₹81 దీనిదే. మా వీధి చివరి కిరాణాలో లూజుగా అడిగితే ₹145 అన్నాడు. మరి నాకు ₹81 మిగిలిందా, ₹4 ఎక్కువ పడిందా?

కొట్టు నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏ సరుకు మీద తగ్గింపు నిజం, దేని మీద కాదు? నూనె ప్యాకెట్లు కూడా ఒక్కోటి ఒక్కో బరువు ఉంటోంది, పోల్చడం కష్టంగా ఉంది. ఇప్పుడు 25 కిలోల బియ్యం బస్తా ₹200 తగ్గించి ₹1,450కి ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

తెనాలి_కిరాణా

అమ్మా, మాది తెనాలిలో కిరాణా కొట్టు, నాన్నగారి కాలం నుంచి ఉంది. సూపర్ మార్కెట్ల మీద కోపంతో రాయడం లేదు. వాళ్ళు నాకంటే చౌకగా ఇచ్చేవి ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు ఎమ్మార్పీ సంగతి. అంతకు మించి అమ్మకూడదని చట్టం. ఎంత వేయాలన్నది మాత్రం సరుకు తయారుచేసినవాళ్ళో, ప్యాక్ చేసినవాళ్ళో చూసుకుంటారు. సబ్బు మీద ఎమ్మార్పీ కంపెనీ వేస్తుంది, నా కొట్లోనూ పెద్ద స్టోర్లోనూ అదే ఉంటుంది. కాబట్టి అక్కడ పది రూపాయలు తగ్గిస్తే మీకు పది మిగిలినట్టే. మీ మినపగుళ్ళ మీద ₹230 వేసింది ఎవరు? ఆ స్టోరే. దాన్ని కొట్టేసి ₹149 రాసిందీ ఆ స్టోరే. ఆ ₹81 బిల్లు మీద అంకె, అంతే. మా ఊళ్ళో మినప్పప్పు మిల్లులున్నాయి, మిల్లు రేటు నాకు పొద్దున్నే తెలుస్తుంది. సొంత ప్యాకింగ్ పప్పులు, జీడిపప్పు, మసాలా దినుసులు కొనేటప్పుడు కొట్టేసిన ధర వైపు చూడకండి, ఇచ్చే ధరను బయటి లూజు ధరతో పోల్చండి.

ధర ఒక్కటే కాదు, రకం కూడా చూడాలి. ప్యాకెట్టును వెలుతురుకి పెట్టి అడుగు భాగం చూడండి. నూక, పొడి కిందకి దిగి ఉంటే అది మొదటి రకం కాదు. అలాంటి పప్పు రుబ్బితే పిండి ఒదగదు, ఇడ్లీ గట్టిపడుతుంది. నాలుగు రూపాయలు తగ్గినా ఇంకో గుప్పెడు పప్పు ఎక్కువ పోయాల్సి వస్తుంది.

ఇక నూనె. నాకు బాధ కలిగించేది ఇదే. సన్‌ఫ్లవర్ నూనె లీటరు అంటే సుమారు 910 గ్రాములు. కొన్నేళ్ళుగా 850 గ్రాములవి, 800 గ్రాములవి కూడా చూడడానికి లీటరు ప్యాకెట్టులాగే వస్తున్నాయి. ఉదాహరణకి 850 గ్రాములది ఆఫర్లో ₹135, పక్కనే 910 గ్రాములది ఏ ఆఫర్ లేకుండా ₹142 అనుకోండి. చేయి మొదటిదాని మీదకే పోతుంది. కానీ ఆ లెక్కన 910 గ్రాములకి ₹144.50 పడుతుంది. అరలో పెద్ద అక్షరాల్లో ధర ఉంటుంది, బరువు ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా కొట్టుకు వచ్చే పెద్దవాళ్ళు కళ్ళద్దాలు లేకుండా అది చదవలేరు. నేను బరువు చెప్పాకే ప్యాకెట్టు చేతికిస్తాను.

ప్యాకెట్టు మీద "గ్రాముకు ఇంత" అని యూనిట్ ధర వేయాలని రూల్ వచ్చింది కదా, అది చూస్తే సరిపోతుందని కొందరంటారు. ఆ లెక్క ఎమ్మార్పీ మీద వేసింది. ఆఫర్ ధరకి మళ్ళీ మీరే ఫోన్లో భాగించుకోవాలి.

వాళ్ళ దగ్గర కొనదగ్గవి: సబ్బులు, బట్టల పౌడర్లు, పేస్టు, టీ పొడి. పెద్ద స్టోర్లు కంపెనీల దగ్గర నేరుగా లోడ్లకి లోడ్లు కొంటాయి, ఆ రేటు నాకు రాదు. పంచదార కూడా ఒక్కోసారి నాకు పడిన ధరకంటే తక్కువకి పెడతారు, జనాన్ని లోపలికి రప్పించడానికి. అది నిస్సంకోచంగా తెచ్చుకోండి. దానితోపాటు బుట్టలో పడే మిగతా వాటి దగ్గరే జాగ్రత్త.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూలు, పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. పన్నుతో కలిపి ₹118 ఉన్నది ₹105 అవ్వాలి, అంటే దాదాపు 11 శాతం. ఆ తగ్గుదల ప్రభుత్వం ఇచ్చింది. పాత ధర పక్కన రాసి దాన్నే తమ ఆఫర్‌గా చూపిస్తే ఒప్పుకోకండి.

బిల్లింగ్_అనుభవం (విశాఖ)

నేను ఇదివరకు ఒక సూపర్ మార్కెట్లో బిల్లింగ్ చేశాను. ఆఫర్ అయిపోయినా అర మీద కాగితం తీయరు, సిస్టంలో మాత్రం పాత ధర వచ్చేస్తుంది. అర దగ్గర ఫోటో తీసుకోండి. కౌంటర్ దగ్గరే చూపిస్తే చాలాసార్లు అక్కడికక్కడే సరిచేస్తారు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" దగ్గర ముందు ఎక్స్‌పైరీ తేదీ చూడండి. బిస్కెట్లు, కార్న్‌ఫ్లేక్స్ అయితే మరీను.

మాంచెస్టర్_తెలుగు

అన్ని తగ్గింపులూ ఉత్తివే అనుకోనక్కర్లేదు. ఇక్కడ బ్రిటన్‌లో సూపర్ మార్కెట్ల లాయల్టీ కార్డు (స్టోర్ సభ్యత్వ కార్డు) ఉన్నవాళ్ళకి ఇచ్చే తగ్గింపు ధరల మీద జనంలో ఇదే అనుమానం ఉండేది. పోటీ వ్యవహారాల సంస్థ సీఎంఏ దాదాపు 50,000 సరుకుల ధరలు పరిశీలించి, 92 శాతం వాటిలో తగ్గింపు నిజమేనని 2024 నవంబర్‌లో చెప్పింది. ఇక్కడ అర మీదే కిలోకి ఎంతో రాయాలి, అందువల్ల పోల్చుకోవడం తేలిక. మన దగ్గర కూడా ఆఫర్ ధర మీద అలా రాయించగలిగితే అమ్మావాళ్ళకి ఎంతో మేలు.

వంటింటి_లెక్క

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. బిల్లులో సొంత ప్యాకింగ్ సరుకులన్నీ తీసేసి మళ్ళీ లెక్క వేశాను. ₹1,164లో ₹390 మిగిలింది. అది కూడా ఎక్కువగా బట్టల పౌడర్, టీ పొడి మీదే. బియ్యం సంగతి చెప్పలేదు. మా కిరాణాలో 26 కిలోల బస్తా ₹1,480 అంటున్నారు.

తెనాలి_కిరాణా

మర్చిపోలేదమ్మా, బియ్యానికి విడిగా రాద్దామని ఆగాను. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అందుకే మిల్లులు 26 కిలోల బస్తాలు కట్టడం మొదలుపెట్టాయి. స్టోర్ బస్తా కిలో ₹58 పడుతోంది, మీ కిరాణాది ₹57కి కాస్త తక్కువ. కాబట్టి ఆ ₹200 తగ్గింపు తర్వాత కూడా కిరాణాదే చౌక.

కానీ కొనే ముందు పాత బియ్యమా, కొత్తవా అని అడగండి. బస్తా మీద ఉండేది ప్యాక్ చేసిన తేదీ, ధాన్యం కోసిన తేదీ కాదు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, అందుకే అవి తక్కువ ధరకి వస్తాయి. మీ కిరాణా ఆయన్ని అరకిలో ఇమ్మనండి, ఒక పూట వండి చూసి అప్పుడు బస్తా చెప్పండి. వాడుక కొట్టయితే కాదనరు.