పిల్లల రాతలో దీర్ఘాలు ఏమైపోతున్నాయి?

తెలుగు పంతులు: తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నా. సెలవుచీటీ రాయమంటే ఒకడు ‘నకు జ్వరం వచ్చింది, బడికి రలేను’ అన్నాడు. ‘పళ్ళు’ కాస్తా ‘పల్లు’, ‘బాణం’ కాస్తా ‘బానం’. ఇదంతా వాట్సాప్ పుణ్యమేనా?

ఇద్దరు పిల్లల అమ్మ: అనుమానమెందుకు మాస్టారూ? మా అమ్మాయి ఎన్-ఏ-కె-యు అని కొడుతుంది. ‘నాకు’ అని చదువుకోవాల్సింది మనమే. ఆ అలవాటే కాగితం మీదికీ వచ్చినట్టుంది.

పాత విద్యార్థి: అన్నీ ఫోన్ నెత్తిన రుద్దకండి. 1992లో మాకు ఫోన్లెక్కడివి? నేనూ ‘బానం’ అని రాసి బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణే. మా ఊళ్ళో ణ పలికేవాళ్ళు తక్కువ. దీర్ఘాలు ఎగరగొట్టడం మాత్రం, ఒప్పుకుంటా, కొత్త జబ్బే. ఓసారి లేఖినిలో టైపు చేయించండి, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులో చూపే సైటు అది. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. దీర్ఘం కావాలంటే చిన్న ‘a’ రెండుసార్లు కొట్టాలి. ఒక్కటే కొడితే ‘నకు’ అని కళ్ళెదుటే పడుతుంది.

తెలుగు పంతులు: మా ల్యాబులో పనిచేసేవి రెండే కంప్యూటర్లు, అయినా చూస్తా. అన్నట్టు, ఆ చీటీలో సంతకం పక్కన దండం బొమ్మ కూడా గీశాడు వెధవ. నవ్వొచ్చి అర మార్కు వేశా.